మందు విషయంలో బేరం లేదు, మిగతాదంతా వాడిష్టం

ప్రశ్న: మా బాబుకు మూడేళ్లు. బైలియరీ అట్రీషియాతో, అంటే కాలేయం నుంచి పైత్యరసం పారే గొట్టాలు మూసుకుపోయే జబ్బుతో పుట్టాడు. పైత్యరసం పేగులోకి పారేందుకు రెండో నెలలో చేసిన కసాయ్ ఆపరేషన్ కొన్నాళ్లే ఆదుకుంది. మూడు వారాల కిందట హైదరాబాద్‌లో కాలేయ మార్పిడి జరిగింది. మావారే తన కాలేయంలో కొంత ఇచ్చారు. వార్డులోకి వచ్చాక వాడు సిరంజి చూస్తే చాలు, నోరు బిగించేస్తున్నాడు. నిన్న నర్సును కొరికాడు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. 'నీ గారాబమే' అంటారు అత్తగారు. 'వీడి బతుకంతా ఇంతేనా' అని ఏడుస్తారు కూడా. ఖమ్మంలో ఉన్న నాలుగున్నరేళ్ల పాప ఫోనిస్తే మాట్లాడటం లేదు. నేను ఎక్కడ తప్పు చేస్తున్నాను?

జవాబు: ఇది గారాబం కాదమ్మా. మూడు వారాలుగా వాడి ఒంటిమీద జరిగినవేవీ వాణ్ని అడిగి జరగలేదు. మెడలో మందులెక్కించే గొట్టం, పొట్టలో ద్రవాలు బయటికి తీసే గొట్టాలు, తెల్లారకముందే సూది. వాడి చేతుల్లో ఉన్నది నోరొక్కటే, దాన్నే మూసుకుంటున్నాడు. పైగా స్టెరాయిడ్ల వల్ల చిరాకు, నిద్రలేమి ఉంటాయి. డోసు తగ్గేకొద్దీ అవీ తగ్గుతాయి.

పక్క తడపడం భయం వల్లే కావచ్చు. తిట్టకండి, రాత్రిపూట డైపర్ వేయండి. అయినా డాక్టరు చెవిన ఒక మాట వేయండి. ఒళ్లు కొత్త కాలేయాన్ని తిరస్కరించకుండా రోగనిరోధక శక్తిని తగ్గించే టాక్రోలిమస్, స్టెరాయిడ్లు రెండూ షుగర్ పెంచగలవు. దాహం, మూత్రం ఎక్కువయ్యాయనిపిస్తే పరీక్ష చేయించాలి.

ఇక మందు. 'వేసుకుంటావా నాన్నా?' అని అడగకండి. అడిగితే వద్దంటాడు, ఆపైన బలవంతం తప్పదు. 'టైమైంది. నా ఒళ్లో కూర్చుంటావా, కుర్చీలోనా?' అనండి. సిరంజి తనే పట్టుకుంటాడో, ముందు ఎలుగుబంటి బొమ్మకు వేయాలో వాణ్నే చెప్పనివ్వండి. నిటారుగా కూర్చోబెట్టి, సిరంజి కొసను బుగ్గ లోపలి వైపు పెట్టి అర మి.లీ. చొప్పున వదలండి. మింగాకే తర్వాతి అర. గొంతులోకి చిమ్మినా, ముక్కు మూసినా పొలమారుతుంది, వాంతవుతుంది, డోసు పోతుంది. పాలగ్లాసులో కలపడం ఇంకా పెద్ద పొరపాటు. సగం తాగి వదిలేస్తే ఎంత మందు పోయిందో ఎవరికీ తెలియదు, వాడికి పాలమీదా అసహ్యం పుడుతుంది.

టాక్రోలిమస్ 12 గంటల తేడాతో వేయాలి. తిండికి గంట ముందా, రెండు గంటల తర్వాతా అన్నది ఒకసారి కుదిరాక రోజూ అలాగే సాగనివ్వండి. రక్తంలో ఈ మందు ఎంతుందో చూసే లెవెల్ పరీక్ష ఉన్న రోజు రక్తం తీశాకే ఉదయం డోసు. ఆ సూదికి గంట ముందే తిమ్మిరి క్రీము రాయమని నర్సును అడగండి. 'నొప్పుండదు' అని మాత్రం అనకండి. 'చురుక్కుమంటుంది, పది లెక్కపెట్టేలోగా అయిపోతుంది' అనండి. ఒక్కసారి అబద్ధం చెబితే రేపటి సిరంజినీ నమ్మడు.

వాంతయితే మీ అంతట మీరు మళ్లీ వేయకండి, ఎన్ని నిమిషాలకు అయిందో నర్సుకు చెప్పండి. ఇంటికి పంపే ముందు దీనికి మీ టీమ్ నియమమేమిటో కాగితం మీద రాయించుకోండి. విరేచనాలయితే మందు తగ్గిపోయిందనుకుంటారు చాలామంది. నిజానికి రక్తంలో లెవెల్ పెరగొచ్చు. వెంటనే ఫోన్ చేయాలి.

అత్తగారిని దూరం పెట్టకండి, పని అప్పగించండి. ఆమె ప్రేమకొద్దీ తెచ్చేవాటిలో ప్రమాదం ఉందని ముందే చెప్పండి. కామెర్ల పసరు, తిప్పతీగ వద్దు. పంపరపనస టాక్రోలిమస్‌ను పెంచేస్తుంది. ఈ మందుతో పొటాషియం పెరుగుతుంది కనుక కొబ్బరినీళ్లూ డాక్టరు సరేనంటేనే. జ్వరానికి ఇబుప్రొఫెన్ వేయకూడదు. ఆమె దిగులుకు జవాబుంది. 1998లో ఢిల్లీలో కాలేయ మార్పిడి విజయవంతమైన తొలి భారతీయ పిల్లాడిదీ ఇదే జబ్బు, ఇచ్చిందీ తండ్రే. ఆ పిల్లాడు పెరిగి డాక్టరయ్యాడు.

మీవారు కొన్ని వారాలు వాణ్ని ఎత్తుకోకూడదు కదా. 'నాన్నకు కోపమొచ్చింది' అనుకునే వయసు వాడిది. నాన్న పొట్టమీద కుట్లు చూపించి, 'నాదీ మానాలి, అప్పుడు ఎత్తుకుంటా' అని ఆయనే చెప్పాలి. రాత్రి డోసు ఆయన చేతికివ్వండి. ఆ గంట మీరు పడుకోండి.

పాప మౌనాన్ని తేలిగ్గా తీసుకోకండి. తమ్ముడిని తాను కొట్టినందుకే ఇదంతా వచ్చిందనుకునే పిల్లలుంటారు. 'నీవల్ల కాదు' అని విడమరిచి చెప్పండి. రోజూ ఒకే వేళకు ఫోన్ చేయండి, తమ్ముడి సంగతి ఎత్తకుండా దాని కబుర్లే అడగండి. ఒక జాగ్రత్త: వచ్చే పల్స్ పోలియో ఆదివారం పాపకు చుక్కలు వేయించకండి. ఆ చుక్కల్లో బతికున్న వైరస్ మలంలో బయటికొస్తుంది, ఇంటికొచ్చిన తమ్ముడికి సోకొచ్చు. దాని బదులు పోలియో సూదిమందు సంగతి పిల్లల డాక్టరును అడగండి. చుక్కలు వేయడానికి ఇంటికొచ్చే వాళ్లకు ఏం చెప్పాలో ఖమ్మంలో పాపను చూసుకునే వాళ్లకు ఈ రోజే చెప్పి ఉంచండి.