యాభై డేటాబేస్‌లు, ఇద్దరు డీబీఏలు: ఏ టూల్ కొనాలి?

ప్రశ్న: "మా సంస్థకు నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి, గద్వాలలో కలిపి యాభైకి పైగా డేటాబేస్‌లున్నాయి. ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే మూడు రకాల డేటాబేస్ సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి. చూసుకునే డీబీఏలం (డేటాబేస్ నిర్వాహకులం) ఇద్దరమే. మొత్తం ఆటోమేట్ చెయ్యాలంటే ఏ టూల్ కొనాలి?"

టూల్ సంగతి చివర్లో. ముందు ఆ "యాభైకి పైగా" అన్న మాట దగ్గర ఆగాలి. యాభై రెండా, అరవై మూడా? మందలో గొర్రెలెన్నో తెలియకుండా కాపరిని పెట్టుకుంటే ఏం లాభం? టూల్ మీరు చేర్చినవాటినే కాస్తుంది. అర్ధరాత్రి ఫోన్ మోగేది చేర్చనిదాని వల్ల.

లెక్క ఇట్లా తీయండి. నెట్‌వర్క్ మొత్తాన్నీ 1521 (ఒరాకిల్), 5432 (పోస్ట్‌గ్రెస్), 3306 (మీకు తెలియకుండా మైఎస్‌క్యూఎల్ ఉంటే), 1433 (ఎస్‌క్యూఎల్ సర్వర్) పోర్టుల మీద, తెరిచి ఉన్న పోర్టులను వెతికే ఎన్‌మ్యాప్‌తో స్కాన్ చెయ్యండి. పగలు పదకొండింటికి ఒకసారి, రాత్రి ఒకసారి. ఎందుకంటే అకౌంట్స్ సెక్షన్‌లో టేబుల్ కింద నడిచే ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ సాయంత్రం ఆరింటికి స్విచ్ ఆఫ్ అవుతుంది. పైగా పేరు పెట్టి ఇన్‌స్టాల్ చేసిన ఎస్‌క్యూఎల్ సర్వర్ ఇన్‌స్టెన్స్‌లు (విడివిడిగా నడిచే కాపీలు) మామూలుగా 1433 మీద ఉండవు, డైనమిక్ పోర్టు తీసుకుంటాయి. వాటి కోసం యూడీపీ 1434 మీద ఎస్‌క్యూఎల్ సర్వర్ బ్రౌజర్ సర్వీసును అడగాలి. దొరికినవన్నీ ఒక డేటాబేస్ టేబుల్‌లో పెట్టండి. ఎక్సెల్ వద్దు, అది మూడో రోజుకే మూడు కాపీలవుతుంది. హోస్ట్, పోర్ట్, వెర్షన్, సైజు, ఏ అప్లికేషన్, బ్యాకప్ ఎట్లా, చివరిసారి ఎప్పుడు రీస్టోర్ చేసి చూశారు, ఎన్ని నిమిషాలు పట్టింది, యజమాని ఎవరు. యజమాని దగ్గర "ఐటీ విభాగం" అని రాస్తే ఖాళీగా వదిలినట్టే. మనిషి పేరు, ఫోన్ నంబర్ ఉండాలి.

ఇగ అసలు పని, అన్నిటినీ ఒక తీరుకు తేవడం. చాలామంది వెర్షన్ నంబర్లు కలిస్తే అయిపోయిందనుకుంటారు. కిందమీద పెట్టేది వెర్షన్ కాదు, కనపడని సెట్టింగులు. మన జిల్లా పేరుతోనే చూడండి.

ఒరాకిల్‌లో జిల్లా పేరుకు వార్‌చార్2(30) అని, అంటే మామూలుగా 30 బైట్ల హద్దుతో, కాలమ్ పెట్టారనుకోండి. క్యారెక్టర్ సెట్ (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి) ఏఎల్32యూటీఎఫ్8. తెలుగులో అక్షరం, గుణింతం గుర్తు, పొల్లు ఒక్కోటీ 3 బైట్లు తీసుకుంటుంది. మ, హ, బ, దానికి ఊకారం గుర్తు, మళ్లీ బ, పొల్లు, న, గ, ర, పొల్లు. పది సంకేతాలు, 30 బైట్లు. కొలిచి కుట్టినట్టు సరిపోయింది. కానీ అట్లా టైపు చేస్తే తెర మీద "మహబూబ్నగర్" అని బ కింద న వత్తు పడుతుంది. అది బాగాలేదని మధ్యలో కనపడని విడదీసే సంకేతం, అదే జీరో విడ్త్ నాన్ జాయినర్, పెట్టి "మహబూబ్‌నగర్" అని సరిగ్గా రాస్తారు. అదీ 3 బైట్లే. మొత్తం 33. వెంటనే ఒరాకిల్ ఎర్రర్ ఓఆర్ఏ-12899: వచ్చింది 33, పట్టేది 30. "నల్లగొండ" 24 బైట్లే కాబట్టి అక్కడి ఆఫీసులో ఏ గొడవా రాదు. పాలమూరులో, అంటే మహబూబ్‌నగర్‌లో, మాత్రమే ఎంట్రీ పడదు, ఇంకేముంది, అందరూ నెట్‌వర్క్‌ను తిడతారు.

టెస్ట్‌లో ఎందుకు పట్టుబడలేదంటే, ఆ సర్వర్‌ను ఎవరో ఎన్‌ఎల్‌ఎస్ లెంగ్త్ సెమాంటిక్స్ (కాలమ్ నిడివిని బైట్లలో కొలవాలా, అక్షరాల్లోనా అని చెప్పే పారామీటర్) క్యార్, అంటే అక్షరాల్లో, అని పెట్టి కట్టారు. ప్రొడక్షన్ మామూలుగా వచ్చే బైట్ మీదే ఉంది. ఒకే స్క్రిప్టు రెండు చోట్లా రెండు రకాల టేబుళ్లను పుట్టించింది. ఇప్పుడు ప్రొడక్షన్‌లో ఆ పారామీటర్ మార్చినా పాత కాలమ్‌లు మారవు, కొత్తగా పుట్టేవాటికే వర్తిస్తుంది. అందుకే పారామీటర్ జోలికి పోకుండా స్క్రిప్టులోనే వార్‌చార్2(30 క్యార్) అని రాయాలి. సర్వర్ ఎట్లా ఉన్నా ఫలితం ఒకటే. పోస్ట్‌గ్రెస్‌లో వార్‌క్యార్(30) ఎట్లాగూ అక్షరాల లెక్కే. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో కాలమ్ ఎన్‌వార్‌క్యార్ (యూనికోడ్ పట్టే రకం) అయినా కొటేషన్ ముందు ఎన్ (N) అక్షరం మరిచిపోతే తెలుగు పేరు స్థానంలో ప్రశ్నార్థకాల వరస వచ్చి కూర్చుంటుంది.

ఇంకో చిక్కు. విడదీసే సంకేతం ఉన్న పేరు, లేని పేరు ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్‌ల దృష్టిలో మామూలుగా రెండు వేరు పేర్లు. రిపోర్టులో మహబూబ్‌నగర్ రెండుసార్లు వస్తుంది. కాబట్టి టేబుళ్లను పేరుతో జాయిన్ చెయ్యొద్దు (కలపొద్దు), జిల్లా కోడ్ పెట్టుకోండి. ఆ కోడ్‌కు అమల్లోకి వచ్చిన తేదీ కూడా ఉండాలి. 2016 అక్టోబర్ 11న పాత నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిపోయాయి. పాత మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వచ్చాయి. 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట వచ్చింది. పాత వరసలను కొత్త జిల్లాకు అప్‌డేట్ చేసేస్తే 2015 నాటి నల్లగొండ లెక్కలు తప్పుతాయి. ఇట్లాంటి మార్పు యాభై చోట్ల చేత్తో చేస్తే ఎవరికి వారే యమునా తీరే. డేటాబేస్ మార్పులను వరసగా నడిపే లిక్విబేస్ గానీ ఫ్లైవే గానీ పెట్టి, నంబరు వేసిన స్క్రిప్టులుగా గిట్‌లో (ప్రతి మార్పు చరిత్రనూ దాచే టూల్‌లో) ఉంచితే ఏ డేటాబేస్ ఏ నంబరు దాకా వచ్చిందో ఒక్క క్వెరీలో తేలుతుంది. "ఫైనల్_న్యూ_2" అన్న ఫైల్ పేరు కనిపిస్తే అక్కడికక్కడే తీసేయండి.

సర్వర్ సెట్టింగులకు ఆన్సిబుల్ (ఒక చోటి నుంచి చాలా సర్వర్లను దిద్దే టూల్) చాలు. మొదటి నెల దానితో ఏమీ మార్చొద్దు. చెక్, డిఫ్ ఆప్షన్లతో మాత్రమే నడపండి. ఎక్కడెక్కడ తేడాలున్నాయో కాగితం మీద పడుతుంది. ఆ తర్వాత సీరియల్ 1 పెట్టి ఒక్కో సర్వరే మార్చండి. సీరియల్ చెప్పకపోతే అది మామూలుగా ఐదేసి సర్వర్ల మీద ఒకేసారి పని మొదలుపెడుతుంది. ప్లేబుక్‌లో (ఆన్సిబుల్‌కు ఇచ్చే పనుల జాబితాలో) ఒక్క తప్పు రీస్టార్ట్ ఉంటే ఐదు ఊళ్ల కౌంటర్లు ఒకేసారి ఆగుతాయి. చేత్తో చేసిన తప్పు ఒక సర్వర్‌తో పోయేది గదా.

పోస్ట్‌గ్రెస్‌లో ఒక మోసం ఉంది. మీరు ఆన్సిబుల్‌తో సెట్టింగుల ఫైలు పోస్ట్‌గ్రెస్ క్యూఎల్ డాట్ కాన్ఫ్ ఎంత నీట్‌గా దిద్దినా, ఎవరో ఎప్పుడో ఆల్టర్ సిస్టమ్ కమాండ్ కొట్టి ఉంటే ఆ విలువ పోస్ట్‌గ్రెస్ క్యూఎల్ డాట్ ఆటో డాట్ కాన్ఫ్ అన్న ఇంకో ఫైలులో కూర్చుని మీదాన్ని తొక్కేస్తుంది. ప్లేబుక్ పచ్చగా ముగుస్తుంది, సెట్టింగ్ మాత్రం మారదు. పీజీ సెట్టింగ్స్ అన్న వ్యూలో సోర్స్‌ఫైల్ కాలమ్ (విలువ ఏ ఫైలు నుంచి వచ్చిందో చెప్పేది) చూస్తే దొంగ దొరుకుతాడు. అక్కడే పెండింగ్ రీస్టార్ట్ కాలమ్ కూడా చూసుకోండి, రీస్టార్ట్ చేస్తే తప్ప అమల్లోకి రాని మార్పులు అందులో తెలుస్తాయి.

పోస్ట్‌గ్రెస్‌లోనే ఇంకోటి. గద్వాల లైను తెగి రెప్లికా (ప్రైమరీ, అంటే అసలు సర్వర్‌కు నకలు) మూడు రోజులు అందకపోతే ఏమవుతుంది? రెప్లికా ఎంతదాకా అందుకుందో గుర్తుపెట్టే రెప్లికేషన్ స్లాట్ ప్రైమరీ మీద వాల్ ఫైళ్లను (మార్పుల లాగ్‌ను), ఒక్కోటి మామూలుగా 16 ఎంబీ, దానికోసం దాచిపెడుతూనే ఉంటుంది. డిస్క్ నిండుతుంది, ప్రైమరీ కూలుతుంది. కాపు కాయాల్సిన రెప్లికాయే ప్రైమరీని ముంచింది. వెర్షన్ 13 నుంచి మ్యాక్స్ స్లాట్ వాల్ కీప్ సైజ్ అని హద్దు పెట్టొచ్చు, కానీ మామూలు విలువ -1, అంటే హద్దు లేనట్టే. హద్దు దాటితే ఆ స్లాట్ చెల్లదు, రెప్లికాను మళ్లీ కట్టుకోవాలి. అదే నయం. ఒరాకిల్‌లో ఇట్లాంటిదే డిఫాల్ట్ ప్రొఫైల్ (యూజర్లకు మామూలుగా వర్తించే నియమాల జాబితా). పాస్‌వర్డ్ ఆయుష్షు 180 రోజులు. అప్లికేషన్ యూజర్‌ను అందులోనే వదిలేస్తే, లైవ్ అయిన ఆరు నెలలు దాటాక ఓఆర్ఏ-28001 (పాస్‌వర్డ్ గడువు ముగిసింది) వచ్చి తలుపు మూసుకుంటుంది. సర్వీస్ యూజర్లకు వేరే ప్రొఫైల్ కట్టండి, పాస్‌వర్డ్ మార్పు తేదీ మీ టేబుల్‌లో ఉంచండి.

బ్యాకప్ గురించి ఎక్కువ చెప్పను. "సక్సెస్" మెయిల్‌ను నమ్మొద్దు. మీ టేబుల్‌లో చివరి రీస్టోర్ తేదీ అన్నిటికన్నా పాతది ఏదో, ప్రతి రాత్రి అదొక్కటి స్పేర్ మిషన్ మీద స్క్రిప్టే రీస్టోర్ చేసి, తెరిచి, నిమిషాలు రాసిపెట్టాలి. యాభై ఉంటే రెండు నెలల లోపే అందరి వంతూ వస్తుంది. ఒరాకిల్ బ్యాకప్ టూల్ ఆర్‌మ్యాన్‌లో రీస్టోర్ వ్యాలిడేట్ ఫైళ్లు చదువుతుందే తప్ప డేటాబేస్‌ను తెరవదు, అది లెక్కలోకి రాదు. పోస్ట్‌గ్రెస్‌కు స్పేర్ మిషన్ ఓఎస్ కూడా అదే ఉండాలి. సెంటోస్ 7 నుంచి తెచ్చిన ఫైళ్లను జీలిబ్‌సీ (అక్షర క్రమం చెప్పే ఓఎస్ లైబ్రరీ) 2.28 ఉన్న మిషన్ మీద లేపితే ఆ క్రమం మారి, ఉన్న వరసలను కూడా టెక్స్ట్ ఇండెక్స్‌లు లేవంటాయి. ఇంకోటి, అన్ని బ్యాకప్‌లనూ రాత్రి ఒంటిగంటకే పెట్టొద్దు. స్టోరేజ్ ఊపిరాడక అన్నీ తెల్లారేదాకా సాగుతాయి. హోస్ట్ పేరును సీడ్‌గా (యాదృచ్ఛిక ఎంపికకు ఆధారంగా) ఇచ్చి నిమిషం ఎంచుకోమంటే ఆన్సిబుల్ ప్రతిదానికీ ఎప్పటికీ మారని ఒక నిమిషం ఇస్తుంది.

ప్యాచ్‌లు (లోపాలను సరిచేసే అప్‌డేట్‌లు) మరో తలనొప్పి. ఒరాకిల్ జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్‌లలో ఇస్తుంది. మీది మిల్లుల లావాదేవీ అయితే ఏప్రిల్ యాసంగి కోతలకు, అక్టోబర్ వానాకాలం కోతలకు తగులుతాయి. ధాన్యం లారీలు బారులు తీరినప్పుడు ప్రొడక్షన్ ముట్టొద్దు. టెస్ట్‌లో వేసి ఉంచి సీజన్ ముగిశాక వేయండి. బయటి ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్నవాటికి మాత్రం ఈ సాకు చెల్లదు.

ఇన్ని నియమాలు పెట్టాక ఎవరో ఒక వెండర్ వస్తాడు. మా సాఫ్ట్‌వేర్‌కు సూపర్‌యూజర్ (అన్ని హక్కులూ ఉన్న లాగిన్) ఇవ్వాల్సిందే, మీ పారామీటర్లు మాకు పడవు అంటాడు. నాకు ఒళ్లు మండేది అక్కడ. ఇవ్వక తప్పదంటే ఇవ్వండి, కానీ ఆ మినహాయింపును గిట్‌లో రాయండి. ఎవరడిగారు, ఎందుకు, ఎప్పటిదాకా. ఆ తేదీ దాటిన తెల్లారే డ్రిఫ్ట్ రిపోర్టులో (మీ ప్రమాణానికి తేడాగా ఉన్నవాటి జాబితాలో) అది ఎర్రగా రావాలి. తేదీ లేని మినహాయింపులు పది పోగయ్యాయంటే మీకు ప్రమాణం అన్నది లేదు.

టూల్ అడిగారు కదా. పైవన్నీ ఆన్సిబుల్, గిట్, పీజీ బ్యాక్‌రెస్ట్ (పోస్ట్‌గ్రెస్ బ్యాకప్‌కు), ప్రొమీథియస్‌తో (పర్యవేక్షణకు) పైసా లైసెన్స్ లేకుండా నడుస్తాయి. ఒరాకిల్ ఎక్కువుంటే ఆ కంపెనీ నిర్వహణ టూల్ ఎంటర్‌ప్రైజ్ మేనేజర్ మంచిదే. కానీ అందులో పెర్ఫార్మెన్స్ పేజీలు చాలావరకు డయాగ్నస్టిక్స్, ట్యూనింగ్ ప్యాక్‌ల కిందికి వస్తాయి, వాటికి లైసెన్స్ వేరే. ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌లో కంట్రోల్ మేనేజ్‌మెంట్ ప్యాక్ యాక్సెస్ అన్న పారామీటర్ మామూలుగా రెండు ప్యాక్‌లకూ తెరిచే ఉంటుంది. మీరు కొనకపోయినా, ఆ పేజీలు తెరిస్తే వాడినట్టు గుర్తు పడుతుంది, ఆడిట్‌కు వచ్చినవాళ్లు ముందు వెతికేది దాన్నే. కొనలేదంటే అన్ని ఒరాకిల్ డేటాబేస్‌లలోనూ ఆ పారామీటర్‌ను నన్ (NONE) అని పెట్టండి. దీనికి రీస్టార్ట్ అక్కర్లేదు. మీ మొదటి ప్లేబుక్ ఇదే రాసుకోవచ్చు.