ముందు ఆ రాజీనామా మెయిల్‌ని వెనక్కి తీసుకోండి

ప్రశ్న: తిరుపతిలో ఒక పెద్ద ప్రభుత్వ రంగ బ్యాంకులో మేనేజరుగా పనిచేస్తున్నాను. 2006 ఆగస్టులో క్లర్కుగా చేరి ఆఫీసరునయ్యాను. ఇన్సూరెన్స్ పాలసీలు అమ్మే టార్గెట్లతో రాత్రి తొమ్మిది దాటితే గానీ ఇల్లు చేరను. ఇప్పుడు గువాహటికి బదిలీ చేశారు. పాప పదో తరగతి, అమ్మకు డయాలసిస్. ఒక ప్రైవేటు బ్యాంకు తిరుపతిలోనే ఎక్కువ జీతం ఇస్తానంది, అరవై రోజుల్లో చేరాలట. పన్నెండు రోజుల క్రితం కోపంలో మూడు నెలల నోటీసుతో రాజీనామా మెయిల్ పెట్టేశాను. ఇంకా జవాబు రాలేదు. మెడికల్ లీవు పెట్టి వచ్చి చేరిపొమ్మని కొత్త బ్యాంకువాళ్లు అంటున్నారు. ఇన్నేళ్లు నమ్మకంగా చేసినవాడికి ఇదేనా న్యాయం? వెళ్లిపోవడం మంచిదేనా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: మీ నాలుగు పేజీల ఉత్తరం రెండుసార్లు చదివాను. పైఅధికారి మాటలు, బదిలీ, పాప పరీక్షలు అన్నీ వివరంగా రాశారు. నాకు కావలసిన వాక్యం మాత్రం మూడో పేజీలో వేరే సందర్భంలో దొర్లింది. 2014లో నాన్నకు వేలూరులో వైద్యం చేయిస్తూ ఐదు నెలలు జీతం లేని సెలవు పెట్టానన్నారు. మీ వ్యవహారమంతా ఆ ఐదు నెలల మీద, మెయిల్‌లో మీరు వాడిన ‘రాజీనామా’ అనే మాట మీద ఆధారపడి ఉంది. వెళ్లాలా వద్దా అన్నది తర్వాత చూద్దాం.

మీరు 2010 ఏప్రిల్ 1కి ముందు చేరినవారు. అంటే మీకు వర్తించేది ఎన్‌పీఎస్ (కొత్త జాతీయ పెన్షన్ పథకం) కాదు, 1995 నాటి బ్యాంకు ఉద్యోగుల పెన్షన్ నిబంధనలు. (స్టేట్ బ్యాంకు నిబంధనలు వేరు, అక్కడివాళ్లు ఈ జవాబును తమకు అన్వయించుకోవద్దు.) వీటిలో 22వ నిబంధన ప్రకారం రాజీనామా చేస్తే అప్పటిదాకా చేసిన సర్వీసంతా పెన్షన్ లెక్కలోంచి పోతుంది. 29వ నిబంధన ప్రకారం ఇరవై ఏళ్ల అర్హత సర్వీసు (పెన్షన్ లెక్కలోకి వచ్చే సర్వీసు) నిండాక మూడు నెలల నోటీసిచ్చి స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకుంటే పెన్షన్ వస్తుంది. రెండు దారుల్లోనూ మనిషి బ్యాంకులోంచి బయటికే వస్తాడు, కానీ ఒక దారిలో పెన్షన్ ఉంది, రెండోదానిలో లేదు. ఇరవై ఏళ్లు దాటినవాడైనా సరే, రాజీనామా అని రాస్తే అది రాజీనామాయేనని 2019లో బీఎస్‌ఈఎస్ యమునా అనే ఢిల్లీ విద్యుత్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

ఎంత పోతుందో చెబుతాను. చివరి పది నెలల సగటు వేతనం ఉదాహరణకు లక్ష అనుకుందాం. ముప్పై మూడేళ్ల సర్వీసుంటే దానిలో సగం పెన్షన్. ఇరవై ఏళ్లకు స్వచ్ఛంద విరమణ తీసుకుంటే ఐదేళ్ల వరకు అదనంగా కలుపుతారు కాబట్టి మీది 25/33 వంతు, అంటే నెలకు దాదాపు 37,900 రూపాయలు, దానిపైన కరువు భత్యం. మీ తర్వాత మీ భార్యకు కుటుంబ పెన్షన్. రాజీనామా చేస్తే చేతికొచ్చేది గ్రాట్యుటీ, పీఎఫ్‌లో మీరు దాచుకున్న మీ వాటా. పెన్షన్‌లో ఉన్నవారికి బ్యాంకు వాటా పెన్షన్ నిధికి వెళ్తుంది, అది మీకు రాదు. కొత్త బ్యాంకు ఇస్తానన్న అదనపు జీతాన్ని ఈ లెక్కతో పోల్చి చూశారా?

ఇక్కడ మిమ్మల్ని మందలించక తప్పదు. రోజూ వేరేవాళ్ల లోన్ కాగితాల్లో ఒక్క సంతకం లేకపోతే తిప్పి పంపే మనిషి, తన ఇరవై ఏళ్ల సర్వీసును రాత్రి పదకొండున్నరకు ఫోన్‌లో టైపు చేసిన మూడు లైన్ల మెయిల్‌తో వదులుకుంటారా? సర్వీస్ షీటు ఒక్కసారైనా తెరిచి చూశారా?

ఇంకా దారి ఉంది. రాబోయే ఒక తేదీ నుంచి అమల్లోకి వచ్చే రాజీనామాను ఆ తేదీలోపు వెనక్కి తీసుకోవచ్చు. పంజాబ్ నేషనల్ బ్యాంక్–పి.కె. మిట్టల్ కేసులో (1989) సుప్రీంకోర్టు సరిగ్గా ఇలాంటి బ్యాంకు ఆఫీసరు విషయంలోనే ఆ మాట చెప్పింది. అతని నోటీసు గడువు ముగియకముందే బ్యాంకు తొందరపడి రాజీనామాను ఆమోదించినా అది చెల్లలేదు. అయితే మీ బ్యాంకు సర్వీసు నిబంధనల్లో ఆ తర్వాత సవరణ వచ్చిందేమో చూసుకోవాలి. అందుకే రేపటిదాకా ఆగొద్దు. ‘ఫలానా తేదీన పంపిన నా రాజీనామాను ఉపసంహరించుకుంటున్నాను’ అని ఒకే వాక్యం రాయండి. బదిలీ రద్దు చేస్తేనే అంటూ షరతులు పెట్టొద్దు, మనసులో బాధ అందులో రాయొద్దు. మొదటి మెయిల్ పంపిన ఐడీ నుంచే పంపండి. కాగితం మీద కూడా రాసి రీజినల్ ఆఫీసులో ఇచ్చి, మీ కాపీ మీద ఇన్‌వర్డ్ ముద్ర (అందినట్టు వేసే ముద్ర), తేదీ వేయించుకోండి. స్పీడ్ పోస్టులో ఇంకొకటి పంపి రసీదు దాచండి. రెండు మెయిళ్లనూ ఇప్పుడే ప్రింటు తీసి ఇంట్లో పెట్టుకోండి, ఆఫీసు లాగిన్ ఆగిపోయాక అవి మీకు దొరకవు.

బ్యాంకు ఒప్పుకోకపోతే మీది ప్రభుత్వ రంగ బ్యాంకు కాబట్టి అమరావతిలో హైకోర్టుకు రిట్ వేయొచ్చు. కానీ నోటీసు గడువు లోపలే కదలాలి. పెన్షన్ విషయంలో గడువేముందిలే అని మీ మిత్రుడు చెప్పినట్టు రాశారు. పెన్షన్ తక్కువ లెక్కగట్టిన కేసుల్లో నెలనెలా తప్పు కొనసాగుతుంది కాబట్టి ఆలస్యంగా వచ్చినా కోర్టులు వింటాయి, బకాయిలు మాత్రం మామూలుగా మూడేళ్లకే ఇస్తాయి. రాజీనామా అలా కాదు. అది ఒక్క రోజున జరిగి ముగిసిపోయే పని. ఆమోదించాక రెండేళ్లు ఊరకుండి వస్తే, ఇన్నాళ్లు ఏం చేశారన్నదే మొదటి ప్రశ్న అవుతుంది.

ఇక మెడికల్ లీవు సంగతి. ఆ పని మాత్రం చేయకండి. ఒక బ్యాంకు రోల్స్‌లో ఉంటూ, జబ్బని సెలవు పెట్టి ఇంకో బ్యాంకులో కూర్చుంటే అది దుష్ప్రవర్తన. రెండుచోట్లా జీతం పడితే అది ఎప్పటికైనా బయటపడుతుంది. ఛార్జిషీటు వచ్చిందంటే బ్యాంకు అనుమతి లేకుండా మీరు రాజీనామా కూడా చేయలేరు, స్వచ్ఛంద విరమణ మాట అటుంచండి. ఆ సలహా ఇచ్చిన కొత్త బ్యాంకు మనిషి ఎంక్వయిరీ రోజున మీ పక్కన ఉండడు.

ఇప్పుడు ఆ ఐదు నెలలు. జీతం లేని సెలవు మామూలుగా అర్హత సర్వీసులోకి రాదు. మంజూరు చేసిన అధికారి దాన్ని సర్వీసుగా లెక్కించమని ఉత్తర్వులో రాస్తేనే, అదీ మొత్తం సర్వీసులో పన్నెండు నెలలకు మించకుండా, వస్తుంది. కాబట్టి 2014 నాటి మంజూరు ఉత్తర్వు వెతకండి. దాంట్లో ఆ వాక్యం ఉంటే 2026 ఆగస్టుకే మీకు ఇరవై ఏళ్లు నిండుతాయి. లేకపోతే 2027 జనవరికి. ఇరవై నిండాక నోటీసివ్వడమే క్షేమం, ఆ తర్వాత మూడు నెలలు. ఆరు నెలలు దాటితే ఏడాదిగా లెక్కేస్తారట కదా అని లోకం మాటలు నమ్మి నోటీసివ్వొద్దు. మీ అర్హత సర్వీసు ఎంతో హెచ్ఆర్ విభాగాన్ని రాతపూర్వకంగా అడగండి, జవాబూ రాతలోనే తీసుకోండి. విరమణ తర్వాత ప్రైవేటు కొలువులో చేరడానికి మీ స్కేలువారికి అనుమతి అవసరమా అన్నదీ అదే కాగితంలో అడగండి.

బదిలీ మీద కోర్టుకెళ్లడం దండగ, అలాంటి వాటిలో కోర్టులు అరుదుగా తప్ప జోక్యం చేసుకోవు. అమ్మ డయాలసిస్ కాగితాలు, పాప స్కూలు సర్టిఫికెట్ జతచేసి ఈ విద్యా సంవత్సరం వరకు వాయిదా కోరండి. కొత్త బ్యాంకును చేరే తేదీ పొడిగించమని మెయిల్‌లో అడగండి. వాళ్ల ఆఫర్ లెటర్లో బాండ్ షరతు ఉందేమో కూడా చూడండి. మూడేళ్లలోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న విజయా బ్యాంకు షరతు చెల్లుతుందని 2025 మే 14న సుప్రీంకోర్టు చెప్పింది.

ఇన్‌వర్డ్ ముద్ర పడిన ఉపసంహరణ కాపీ, 2014 ఉత్తర్వు, సర్వీస్ షీటు చేతికొచ్చాక మళ్లీ రాయండి. వెళ్లాలా వద్దా అన్నది అప్పుడు ఆ కాగితాలు ముందు పెట్టుకుని చెబుతాను.