చిన్నూకి, గొడో మొదలుపెట్టే ముందు

నాన్నా చిన్నూ,

సెలవుల్లో నువ్వు గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్ గొడో ఇంజిన్ నేర్చుకుని గేమ్ చేస్తానంటున్నావని నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. "వాడు రాత్రి రెండింటిదాకా పడుకోవడం లేదు వదినా, నువ్వైనా చెప్పు" అంది. చెప్పడానికే కూర్చున్నాను. అంతకుముందే సంతోషం పట్టలేక మీ మావయ్యకి రెండుసార్లు చెప్పేశాను.

మంచి ఇంజిన్‌నే ఎంచుకున్నావు. ఉచితం, నీ పాత ల్యాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది. కొత్త ప్రాజెక్ట్ పెట్టేటప్పుడు రెండరర్ (తెర మీద బొమ్మలు గీసే భాగం) దగ్గర, పాత మెషీన్లకు సరిపోయే కంపాటిబిలిటీ ఎంచుకో. 4వ వెర్షన్ 2023 మార్చిలో వచ్చింది. ఏ పాఠంలోనైనా, మనం కోడ్‌తో కదిపే బొమ్మకి కైనమాటిక్‌బాడీ అని పేరు కనిపిస్తే అది 3వ వెర్షన్‌ది, మూసెయ్. ఇప్పుడది క్యారెక్టర్‌బాడీ. వాళ్ల డాక్యుమెంటేషన్‌లోనే మొదటి 2డీ గేమ్ పాఠం ఉంది, కాపీ పేస్ట్ చెయ్యకుండా చేత్తో టైప్ చెయ్యి. కోడ్‌లో చేసిన మార్పులన్నీ దాచిపెట్టే గిట్ మొదటి రోజే పెట్టుకో.

ఇక నా భయం సంగతి. 2011 వేసవి నీకు గుర్తుండదు, అప్పుడు నీకు ఐదేళ్లు. కోటిపల్లి రేవులో పడవెక్కి ముక్తేశ్వరం వెళ్లినప్పటి నుంచి నీకు పడవంటే పిచ్చి. అందుకని నీ కోసం పైగేమ్‌లో (పైథాన్ భాషలో ఆటలు రాసుకునే సాధనం) ఒక ఆట రాశాను. గోదారిలో కొట్టుకొచ్చే దుంగలను తప్పించుకుంటూ పడవని అవతలి ఒడ్డుకు చేర్చాలి. ఆఫీసు నుంచి వచ్చాక రోజూ రాత్రి కూర్చుని మూడు నెలలు చేశాను. పెన్‌డ్రైవ్‌లో పట్టుకుని మీ ఇంటికి వచ్చాను. మీ నాన్న అప్పుడే కొత్త కంప్యూటర్ కొన్నాడు. నువ్వు బాణం మీట నొక్కావు. పడవ మాయమైపోయింది. "మునిగిపోయిందా అత్తా?" అని ఏడుపు మొదలెట్టావు.

లూప్, అంటే ఆట సాగినంతసేపూ మళ్లీ మళ్లీ నడిచే కోడ్, తిరిగిన ప్రతిసారీ పడవని నాలుగు పిక్సెళ్లు జరపమని రాశాను. నా పాత మెషీన్‌లో లూప్ నెమ్మదిగా తిరిగేది, అందుకే పడవ చక్కగా సాగేది. మీ ఇంట్లో అదే లూప్ ఎన్నో రెట్లు వేగంగా తిరిగి, పడవ చూస్తుండగానే తెర దాటిపోయింది. కోడ్‌లో తప్పు ఒక్క లైనుది. మూడు నెలల్లో ఒక్కసారైనా ఇంకో కంప్యూటర్ మీద పెట్టి చూడకపోవడం అంతకంటే పెద్ద తప్పు. బాగుచేసేసరికి మీ బడి తెరిచారు. ఆ ఆట నువ్వు ఆడనే లేదు.

గొడోలోనూ ఈ గుంట ఉంది. ప్రతి ఫ్రేముకీ, అంటే తెర మీద బొమ్మ మళ్లీ గీసిన ప్రతిసారీ, నడిచే ప్రాసెస్ ఫంక్షన్‌లో ఫ్రేముకి నాలుగు పిక్సెళ్లు అని రాస్తే, సెకనుకి 60 ఫ్రేములు చూపే 60 హెర్ట్జ్ తెర మీద సెకనుకి 240 పిక్సెళ్లు, నీ స్నేహితుడి 144 హెర్ట్జ్ తెర మీద 576. అందుకని సెకనుకి 240 అనుకుని దాన్ని డెల్టాతో గుణించు. డెల్టా అంటే పోయిన ఫ్రేము నుంచి గడిచిన కాలం. అలాగని అన్నిచోట్లా గుణించకు. క్యారెక్టర్‌బాడీలో బొమ్మని కదిపే మూవ్ అండ్ స్లైడ్ ఫంక్షన్ వాడినప్పుడు వెలాసిటీకి (వేగానికి) డెల్టాను అదే చూసుకుంటుంది, నువ్వూ గుణిస్తే బొమ్మ కదలనట్టే ఉంటుంది. గురుత్వాకర్షణ వల్ల వేగం పెంచేటప్పుడు మాత్రం గుణించాల్సిందే.

వంద ఊళ్లు, వెయ్యిమంది శత్రువులు ఉన్న గేమ్ చేస్తానన్నావట. ఇంకా ఒక్క బొమ్మ కదల్లేదు కదరా! తలుపేసుకుని ఆరు నెలలు ఒక్కడివే చేసి, చివర్లో ఎవరి ముందో పెట్టి, నీ మొహం చిన్నబోతే నేను చూడలేను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. కోపం తెచ్చుకోకు కన్నా.

గేమ్‌ని వేరే కంప్యూటర్‌లో నడిచే ఫైలుగా మార్చడానికి కావాల్సిన ఎక్స్‌పోర్ట్ టెంప్లేట్లు విడిగా దించుకోవాలి, ఈ వారంలోనే ఆ పని చెయ్యి. ఆదివారానికి తెర మీద ఒక చతురస్రం అటూ ఇటూ కదిలినా చాలు, విండోస్‌కి ఎక్స్‌పోర్ట్ చేసి ఫైలు నాకు పంపు. నా ఆఫీసు కంప్యూటర్‌లో ఒకసారి, మీ మావయ్య పాత ల్యాప్‌టాప్‌లో ఒకసారి పెట్టి ఆడి, సాయంత్రం ఫోన్ చేస్తాను. పదకొండింటికల్లా పడుకో.

నీ అత్త