అత్తయ్య పొట్టలో మొండి బ్యాక్టీరియా ఉంటే పాపని దూరం పెట్టాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అత్తయ్యకి 68 ఏళ్లు, షుగర్ ఉంది. ఆ మధ్య మూత్రంలో మంట వస్తే కల్చర్ (మూత్రంలో ఏ బ్యాక్టీరియా ఉందో, దానికి ఏ మందు పనిచేస్తుందో చూసే పరీక్ష) చేయించాం. ఈ.కోలై, ఈఎస్‌బీఎల్ పాజిటివ్ అని వచ్చింది. మందులు వాడాక మంట తగ్గింది, ఇప్పుడు ఏ ఇబ్బందీ లేదు. కానీ ఎందుకైనా మంచిదని మళ్లీ టెస్ట్ చేయిస్తే అదే బ్యాక్టీరియా కనిపించింది. మందులకి లొంగదు, అంటుకుంటుంది అని మా ఆడపడుచు ఒకటే టెన్షన్ పెడుతోంది. ఆవిడ కంచం, గ్లాసు వేరు చేశాం, మూడేళ్ల పాపని దగ్గరికి పోనివ్వడం లేదు. పొట్ట మొత్తం శుభ్రం చేసే కోర్సు ఏదైనా ఉందా? ఆసుపత్రిలో ఒక్కరోజు కూడా ఉండని మనిషికి ఇది ఎలా వచ్చింది?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందు ఆ కంచం, గ్లాసు ఈరోజే కలిపేయండమ్మా. పాపని నానమ్మ దగ్గరికి పంపండి. ఇది పక్కన కూర్చున్నా, ముద్దు పెట్టుకున్నా, తుమ్మినా వచ్చేది కాదు. మలం నుంచి చేతికి, నీళ్లకి, తిండికి, అక్కడి నుంచి నోటికి చేరుతుంది. బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, వంటకి ముందు, పాపకి తినిపించే ముందు సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలు. ఇంట్లో అందరూ కడుక్కోవాలి, అత్తయ్య ఒక్కరే కాదు. ఎందుకంటే మీలో ఇంకెవరి పొట్టలోనైనా ఇది ఇప్పటికే ఉండొచ్చు.

భయపెట్టడానికి చెప్పడం లేదు. ఈ.కోలై అందరి పేగుల్లో ఉండేదే. అందులో ఈఎస్‌బీఎల్ అనే ఎంజైమ్ తయారుచేసే రకం పెన్సిలిన్లని, సెఫిక్సిమ్ లాంటి మందుల్ని విరగ్గొట్టేస్తుంది, పైగా ఆ శక్తినిచ్చే జీన్‌ని పక్క బ్యాక్టీరియాకి కూడా అందిస్తుంది. పేగులో ఉన్నన్నాళ్లూ మనిషికి ఏమీ తెలియదు. మూత్రంలోకో రక్తంలోకో చేరినప్పుడే జబ్బు.

ఆసుపత్రికి వెళ్లకుండా ఎలా వచ్చిందంటే, 2017లో నెదర్లాండ్స్ పరిశోధకులు ప్రచురించిన ఒక పెద్ద అధ్యయనం చూడండి. సుమారు 2,000 మంది డచ్ ప్రయాణికుల్ని వెళ్లే ముందు, వచ్చాక పరీక్షించారు. దక్షిణాసియాకి వచ్చి వెళ్లినవాళ్లలో నూటికి 75 మంది ఈ రకం బ్యాక్టీరియాని కొత్తగా పొట్టలో వేసుకుని ఇంటికెళ్లారు. కొన్నాళ్లు ఉండి వెళ్లిన వాళ్లకే అలా ఉంటే, ఇక్కడే పుట్టి ఇక్కడి నీళ్లు తాగే మన సంగతేంటి? హైదరాబాద్ ఏఐజీ ఆసుపత్రి డాక్టర్లు ఒక రకం ఎండోస్కోపీకి వచ్చిన రోగుల్ని నాలుగు దేశాల్లో పోల్చి 2025లో ప్రచురించారు. మొండి బ్యాక్టీరియా మన దేశపు రోగుల్లో 83 శాతం మందిలో ఉంది, నెదర్లాండ్స్‌లో 11 శాతం లోపే. వాళ్లంతా రోగులు కాబట్టి ఊళ్లో అందరికీ ఇదే లెక్క వర్తించదు, కానీ ఆ తేడా చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. మురుగు తాగునీటిలో కలిసేచోట, చీటీ లేకుండా యాంటీబయాటిక్ దొరికేచోట ఇలాగే ఉంటుంది. పటాన్‌చెరులో మందుల కంపెనీల వ్యర్థాల్ని శుద్ధిచేసి వదిలిన నీటిలో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లోనే బయటపడింది. ఆ మాత్ర మింగిన మనిషి రక్తంలో కూడా అంత ఉండదు! దీనికి మీ అత్తయ్యని తప్పుపట్టి ఏం లాభం?

ఇక కోర్సు సంగతి. లేదు, వద్దు. యాంటీబయాటిక్ వేస్తే మంచి బ్యాక్టీరియా చచ్చి, మందుకి లొంగనిదే మిగిలి ఇంకా పెరుగుతుంది, పైరు మాడిపోయి కలుపు మిగిలిన చేనులా. దాన్ని పొట్టలో వేసుకుని వెళ్లిన ఆ డచ్ ప్రయాణికుల్లో సగం మందికి నెలరోజుల్లో దానంతట అదే పోయింది, నూటికి 11 మందిలో మాత్రం ఏడాది తర్వాత కూడా ఉంది. మంట, జ్వరం ఏమీ లేనప్పుడు కల్చర్‌లో బ్యాక్టీరియా కనిపించినా, షుగర్ ఉన్నా సరే, మందు అక్కర్లేదు. గర్భిణులకీ, మూత్రనాళం ఆపరేషన్‌కి వెళ్లేవాళ్లకీ వేరే లెక్క. అందుకే ఊరికే మళ్లీ మళ్లీ టెస్ట్ చేయించకండి, రిపోర్ట్ చూసి మీ కంగారు పెరుగుతుంది, ఎవరో ఒకరు ఇంజెక్షన్లు రాస్తారు.

పాపకి నీళ్ల విరేచనాలైతే మెడికల్ షాప్‌లో యాంటీబయాటిక్ సిరప్ అడగొద్దు, ఓఆర్ఎస్, డాక్టర్ చెప్పిన మోతాదులో 14 రోజులు జింక్ ఇవ్వండి. రక్తం పడినా, పాప నీరసించి నీళ్లు తాగకపోయినా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. తాగే నీళ్లు మీద నమ్మకం లేకపోతే బాగా మరిగించండి, ఎంత మొండి రకమైనా ఆ వేడికి చావాల్సిందే.

అత్తయ్యకి చలిజ్వరం, నడుం పక్కన నొప్పి, వాంతులు, మాట తడబడడం, వీటిలో ఏది కనిపించినా అదేరోజు డాక్టర్ దగ్గరికి వెళ్లి ఆ పాత కల్చర్ రిపోర్ట్ ముందుగా చూపించండి. అది చేతిలో ఉంటే పనిచేయని మందుతో రెండు రోజులు పోగొట్టుకోకుండా మొదటి డోసే సరైనది పడే అవకాశం ఎక్కువ, కాబట్టి దాన్ని ఫోన్‌లో ఫొటో తీసి ఇంట్లో అందరి దగ్గరా ఉంచండి.