నాగుల కథ రాస్తున్న మనవడికి

తిరుపతి

చిరంజీవి నాన్నకు,

అమ్మమ్మ ఆశీస్సులు. నాగులకూ గరుడులకూ మధ్య తరతరాల పగ మీద నువ్వు పెద్ద నవల మొదలుపెట్టావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. మన ఇంట్లో తెలుగులో నవల రాసేవాడు ఒకడు తయారయ్యాడని ఆ రోజంతా కాలు నిలవలేదు నాకు. ఆ తరువాత నువ్వు పంపిన మొదటి అధ్యాయం చదివాను. రెండో పేజీలో మనసు కలుక్కుమంది. ‘నాగులది పుట్టుకతోనే మోసం చేసే జాతి’ అని రాశావు. ఆ మాట ఏ గరుడ సైనికుడో అని ఉంటే నాకు పేచీ లేదు. కథ చెబుతున్న నువ్వే అన్నావు.

రాజ్యాల పటం గీసుకో. రాజుల వరస, యుద్ధాల కాలం ఒక పుస్తకంలో రాసి పెట్టుకో. పేర్లు నోరు తిరిగేలా ఉండాలి. రోజూ కొంత రాయి. ఇవి నీకు తెలియనివి కావు.

పగకు మొదలు ఎక్కడో ముందు తేల్చుకో. భారతంలో నాగులూ గరుత్మంతుడూ ఒకే తండ్రి బిడ్డలు. కశ్యపుడి భార్యలు, నాగుల తల్లి కద్రువ, గరుత్మంతుడి తల్లి వినత ఉచ్చైశ్రవమనే దేవతల గుర్రం తోక నలుపా తెలుపా అని పందెం వేసుకున్నారు. ఓడినామె దాస్యం చేయాలి. తెల్లటి తోకకు చుట్టుకుని నల్లగా కనబడేలా చేయమని కద్రువ తన కొడుకులను అడిగింది. అది తప్పు, చేయలేమన్నారు. సర్పయాగంలో మాడిపొమ్మని కన్నతల్లే శపించింది. ఆ శాపానికి బెదిరి వాళ్ళలో కర్కోటకుడు ఒప్పుకున్నాడు. చూశావా, మోసం వద్దన్నదీ నాగులే. ఆదిశేషుడైతే తోడబుట్టినవాళ్ళ తీరు గిట్టక వాళ్ళను వదిలి తపస్సుకు వెళ్ళిపోయాడు. ఆయన పేరున్న కొండ కింద పెరిగినవాడివి, ‘నాగులంతా’ అని రాయడానికి చెయ్యి ఎలా వచ్చింది నాన్నా? బ్రహ్మోత్సవాలకు నిన్ను చంకన వేసుకుని వెళ్ళిన దాన్ని. మొదటి రోజు స్వామి ఎక్కేది పెద్దశేష వాహనం, అయిదో రోజు గరుడ వాహనం. తిరిగేది అవే మాడవీధులు. ఏడు కొండల్లో శేషాద్రి ఉంది, గరుడాద్రీ ఉంది. గరుడ సేవ నాడు ఆ జనంలో నువ్వు నా భుజం మీదే నిద్రపోయావు, ఎంత గోల అయినా లేవలేదు.

ఆదిపర్వంలో రురుడి కథ మళ్ళీ చదువు. తాను పెళ్ళాడబోయే ప్రమద్వరను పాము కరిస్తే తన ఆయుష్షులో సగమిచ్చి బతికించుకున్నాడు. అంతటి ప్రేమ ఉన్నవాడే తరువాత కర్ర పట్టుకుని కనబడిన పామునల్లా చంపుతూ తిరిగాడు. ఒకనాడు డుండుభం మీద కర్ర ఎత్తాడు. అది విషం లేని పాము. కరిచేవి వేరు, మేము పేరుకే పాములం, మమ్మల్ని ఎందుకు చంపుతావని అది అడిగింది. నీ కథలో ద్వేషించేవాడు రాక్షసుడు కానక్కరలేదు. తనవాళ్ళను ప్రాణంగా చూసుకునేవాడే అయితే చదివేవాళ్ళకు ఇంకా భయం వేస్తుంది.

నాకు ఇంత కోపం ఎందుకు వచ్చిందో చెబుతాను. ఒక జాతిని పుట్టుకతోనే నేరస్తులని కాగితం మీద రాయడం మన దేశంలో నిజంగా జరిగింది. తెల్లదొరలు 1871లో నేరస్థ తెగల చట్టం చేశారు. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. మన చిత్తూరు జిల్లా ఏర్పడింది కూడా ఆ సంవత్సరమే. దొంగతనం చేశారా లేదా అన్నది ఎవరికీ అక్కరలేదు. ఆ కులంలో పుడితే చాలు, పేరు నమోదు చేయవచ్చు, వేలిముద్రలు తీసుకోవచ్చు. పోలీసుల ముందు హాజరు వేయించుకోవాలి. ఊరు దాటాలంటే అనుమతి చీటీ కావాలి. తల్లిదండ్రుల నుంచి పిల్లలను వేరు చేసే అధికారం కూడా సర్కారుకు ఇచ్చారు. మన వైపు ఎరుకలవారు అందులో చిక్కుకున్నారు. అంతకుముందు వాళ్ళు ఎడ్ల మీద, గాడిదల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని కోస్తాకూ లోపలి ఊళ్ళకూ మధ్య తిరిగి అమ్మేవారు. ఉప్పును సర్కారు తన గుప్పిట్లో పెట్టుకుంది. రైళ్ళు వచ్చాయి. బేరం పోయింది. వ్యాపారం కోసం ఊరూరా తిరిగినవాళ్ళు, బేరం పోయాక తిరిగితే అనుమానితులయ్యారు. 1952లో ఆ చట్టం రద్దయింది. ఊళ్ళలో దొంగలన్న మాట మాత్రం పోలేదు.

నా చిన్నప్పుడు చిత్తూరులో మా ఇంటికి ఒక ఎరుకలామె వచ్చేది. ఈతాకు బుట్టలు అమ్మేది, ఎరుక చెప్పేది. మా నాయనమ్మ చేటలో బియ్యం పోసి, తాంబూలం పెట్టి, చెయ్యి చాపి, నిజం చెప్పు తల్లీ అని బతిమాలేది. పెద్దత్తకు సంబంధం కుదురుతుందని ఆమె చెబితే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ ఎరుకలామె వీధి మలుపు తిరగగానే నాయనమ్మ ‘పెరట్లో గిన్నెలు లెక్కపెట్టండి’ అనేది. మా అమ్మ లెక్కపెట్టేది. ఒక్క గిన్నె కూడా ఏనాడూ తక్కువ కాలేదు, అయినా లెక్క ఆగలేదు. నారాయణవనంలో పద్మావతి పెళ్ళి కుదర్చడానికి స్వామి వేసుకున్నది ఎరుకలసాని వేషమేనని అదే నాయనమ్మ మాకు కథగా చెప్పేది.

ఇలాంటిది రాయి. పెద్ద యుద్ధాల కన్నా గిన్నెలు లెక్కపెట్టే చెయ్యి రాయి. నీ నాగుల చేతిలోంచి పోయిన ఉప్పు ఏమిటో, దానివల్ల ఎవరు బాగుపడ్డారో కనిపెట్టు. రెండో పేజీలో ఆ వాక్యాన్ని సైనికుడి నోట పెట్టి, నీళ్ళు మోస్తున్న నాగుల పిల్లకు వినబడేలా చెయ్యి. ఎరుకలవారి అనుభవాలు వాడుకుంటే, వాళ్ళలో చదువుకున్నవాళ్ళు, రాసేవాళ్ళు ఉన్నారు. తీసుకెళ్ళి చూపించు. వాళ్ళు కొట్టేయమన్నది బతిమాలకుండా కొట్టేయి.

నీ కథలో సగం నాగు, సగం మనిషి అయిన కుర్రాడు ఉన్నాడట, సంధి కుదుర్చుతాడట. అక్కడ నిదానంగా వెళ్ళు. ఆస్తీకుడు తల్లి వైపు నాగు. జనమేజయుడి సర్పయాగం ఆపించాడని మనం చేతులు జోడిస్తాం. గుండంలో పడి కాలినవాళ్ళు అతని తల్లివైపు చుట్టాలు. రాజును పొగుడుతూ నిలబడినప్పుడు ఆ వాసన అతనికి తగలకుండా ఉంటుందా? నీ కుర్రాడికి కోపం ఉండనీ. అందరినీ క్షమించమని అతణ్ణి తొందరపెట్టకు.

నవల కోసం ఉద్యోగం మానేస్తానంటున్నావట. ఇప్పుడే వద్దు. ఆకలితో రాసినవాళ్ళను చూశాను, నిన్ను అలా చూడలేను. తెల్లవారుజామున రాసుకో, రాత్రిళ్ళు మేలుకోకు. తరువాతి అధ్యాయాలు ఫోనుకు పంపకుండా పెద్ద అక్షరాలతో అచ్చు తీసి పోస్టులో వెయ్యి. అంచుల్లో ఖాళీ ఎక్కువ వదులు, నేను రాయాల్సింది చాలా ఉంటుంది.

ప్రేమతో,
అమ్మమ్మ