సిగ్నల్ నిండుగా ఉంది, నెట్ ఏది?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

బండినే ఇల్లు చేసుకుని ఊళ్లు తిరిగే వాళ్ల గురించి పోయిన సంచికలో రాసినప్పటి నుంచి ఉత్తరాలు ఆగడం లేదు. నీళ్ల ట్యాంకు గురించో, మరుగుదొడ్డి గురించో అడుగుతారనుకున్నాను. ఎక్కువ మంది అడిగింది నెట్ గురించి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, కడప టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో పనిచేసి రిటైరైన వాణ్ని, నాకు ఇంతకంటే ఇష్టమైన విషయం ఇంకోటి లేదు. కాబట్టి ఈసారి శీర్షిక మొత్తం దానికే.

ప్రశ్న: మాది అనంతపురం. బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తాను. పాత టెంపో ట్రావెలర్ కొని మంచం, గ్యాస్ పొయ్యి, చిన్న సింకు పెట్టించాను. ఒక శనివారం సాయంత్రం గండికోటలో గుడారాల దగ్గర ఆపాం. ఫోన్‌లో సిగ్నల్ నిండుగా చూపిస్తోంది, వీడియో కాల్ మాత్రం తెగిపోతూనే ఉంది. దుకాణంలో అడిగితే సిగ్నల్ బూస్టర్ పెట్టించుకోమన్నారు. వచ్చే నెల గండికోట, బెలుం, అహోబిలం, శ్రీశైలం వెళ్దామనుకుంటున్నాం. మధ్యలో సోమవారం పొద్దున ఆఫీసు మీటింగ్ ఉంది. బూస్టర్ కొనమంటారా?

జవాబు: వద్దు నాయనా. దుకాణాల్లో బహిరంగంగా అమ్ముతున్నంత మాత్రాన అది చట్టం ఒప్పుకున్న వస్తువు కాదు. టవర్ల సిగ్నల్‌ను పట్టి, పెంచి, మళ్లీ ప్రసారం చేసే పెట్టెను లైసెన్సు లేని వాళ్లు పెట్టుకోకూడదు. 1933 నాటి వైర్‌లెస్ చట్టం కాలం నుంచి ఉన్న నియమం ఇది, 2023 టెలికాం చట్టంలోనూ ఉంది. అడ్డదిడ్డంగా పెట్టిన బూస్టర్ పక్కనున్న టవర్‌లోకి రొద పంపిస్తుంది, దాంతో చుట్టుపక్కల అందరి కాల్స్ పాడవుతాయి.

చట్టం సంగతి అట్లుంచి, అది ఉన్నా ఆ సాయంత్రం మీ కాల్ నిలిచేది కాదు. మీకు సిగ్నల్ తక్కువై కాదు, జనం ఎక్కువై నెట్ రాలేదు. ఊరి కొళాయికి నీళ్లు బాగానే వస్తున్నా, నూరు బిందెలు వరుసలో ఉంటే మీ బిందె నిండదు కదా. శనివారం సాయంత్రం గండికోటలో అంతే. బెంగళూరు, హైదరాబాద్ కార్లన్నీ అక్కడే ఉంటాయి. సూర్యాస్తమయం వీడియో తీసి అందరూ ఒకేసారి పంపిస్తుంటారు. పల్లె జనాభాను లెక్క వేసి పెట్టిన టవర్ అది. ఫోన్ మీద గీతలు టవర్ ఎంత గట్టిగా వినిపిస్తోందో చెబుతాయి గానీ, అందులో మీ వంతు ఎంతో చెప్పవు.

కాబట్టి ఏది కొనాలన్నా ముందు జబ్బు ఏమిటో తేల్చుకోండి. ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో 'ఫోన్ గురించి' అనే చోట సిమ్ స్టేటస్ తెరవండి. సిగ్నల్ బలం మైనస్ అంకెల్లో, డీబీఎంలలో ఉంటుంది. 4జీలో మైనస్ 85 అంటే బాగున్నట్టు. మైనస్ 100 దగ్గర పని నడుస్తుంది. మైనస్ 110 దాటితే కష్టం, 120 దగ్గర ఆశ వదులుకోవడమే. అంకె పది జారినప్పుడల్లా అందే శక్తి పదో వంతుకు పడిపోతుంది. అంకె బాగుండి, స్పీడ్ టెస్ట్‌లో మాత్రం ఒక ఎంబీపీఎస్ కూడా రాకపోతే అది జనం రద్దీ. అంకే బాగా లేకపోతే అప్పుడు యాంటెన్నా సంగతి ఆలోచించాలి.

రద్దీకి మందు సులభం. ఇంకో కంపెనీ సిమ్‌కు మారి చూడండి, ఆ టవర్ ఖాళీగా ఉండొచ్చు. ఫోన్‌ను 5జీ నుంచి 4జీకి మార్చి చూడండి. పట్టణాల్లో 5జీ ఎక్కువగా నడిచే 3300 మెగాహెర్ట్జ్ తరంగాలు దూరం పోలేవు, ఫోన్ దాన్ని పట్టుకోవాలనీ వదలాలనీ ఊగిసలాడుతుంటే కాల్ తెగుతుంది. ఏదీ కుదరకపోతే పదిహేను కిలోమీటర్ల దూరంలో జమ్మలమడుగు ఉంది, బండి అక్కడికి తోలండి. తెల్లవారుజామున ఐదు గంటలకు అదే గండికోటలో, అదే చోట నెట్ పరుగెడుతుంది. వీడియో ఆపేసి మాట మాత్రమే పెట్టుకుంటే కావలసిన వేగం వీడియోలో పదో వంతు కూడా ఉండదు. మీ మొహం చూడకపోతే మీ మేనేజర్‌కు వచ్చే నష్టం ఏమీ లేదు.

గండికోట కింద పెన్నా లోయలోకి దిగితే వేరే కథ. ఎర్రమల కొండలను కోసుకుంటూ నది పోయిన చోట రెండు వైపులా నిలువు రాతి గోడలు. తరంగాలు రాయిని దాటి రావు. లోయ అడుగున ఏ సిమ్ అయినా ఒకటే.

బెలుంలో కూడా ఇంతే. గుహలు 3,229 మీటర్ల పొడవు, జనాన్ని పోనిచ్చేది అందులో కొంత భాగమే అయినా, లోపలికి దిగితే పైకి వచ్చేదాకా మీరు ఎవరికీ దొరకరు. ఆ ముక్క మీ టీమ్‌కు ముందే చెప్పి దిగండి.

యాంటెన్నా అవసరం పడేది అహోబిలం లాంటి చోట. ఎగువ అహోబిలం కొండల మధ్యలో ఉంది. నవ నారసింహ క్షేత్రాల్లో కొన్నింటికి అడవిలో నడిచే పోవాలి. బండి దిగువ అహోబిలంలో, చుట్టూ తెరపిగా ఉన్న మిట్ట చూసి ఆపండి. మీ ట్రావెలర్ ఒళ్లంతా రేకు, దానికి తోడు అద్దాలకు లోహపు పొర ఉన్న సన్ ఫిల్మ్ వేయించి ఉంటే ఫోన్‌ను పెట్టెలో పెట్టి మూత వేసినట్టే. మొదట ఫోన్ పట్టుకుని బయటికి వచ్చి అంకె చూడండి. లోపలికీ బయటికీ పది, పదిహేను డీబీఎంల తేడా ఉంటే సిమ్ వేసుకునే రౌటర్ కొనండి. దాని వెనక యాంటెన్నా బిగించే పిన్నులు రెండు ఉండాలి. 4జీ రెండు దారుల్లో ఒకేసారి డేటా పంపుతుంది కాబట్టి రెండు యాంటెన్నాలు పెట్టాలి. ఒకటే పెట్టి బాగాలేదంటే లాభం లేదు. వాటిని బండి పైన బిగించి, తీగ వీలైనంత పొట్టిగా ఉంచండి. పది మీటర్ల సన్న తీగ లాగారంటే పైన సంపాదించింది దారిలోనే పోతుంది. నడిచే బండికి అన్ని వైపులా వినే గుండ్రటి యాంటెన్నా మేలు. ఒకే చోట రెండు రోజులుంటామంటే టవర్ వైపు తిప్పి పెట్టే రకం దాని కంటే బలమైనది. ఇది బూస్టర్ కాదు, సిగ్నల్‌ను పెంచి మళ్లీ ప్రసారం చేయదు, కాబట్టి చట్టంతో పేచీ లేదు.

దీనితో ఇంకో లాభం చాలామందికి తెలియదు. టవర్ పదుల వాట్లతో అరుస్తుంది, ఫోన్ జవాబిచ్చేది 0.2 వాట్‌తో. అందుకే అడవి అంచుల్లో అవతలి వాళ్ల మాట మీకు వినబడుతుంది, మీ మాట వాళ్లకు పోదు. మీటింగ్‌లో "హలో, మీ గొంతు రావట్లేదు" అని అందరూ మిమ్మల్నే అంటుంటే జబ్బు అదే. పైన ఉన్న యాంటెన్నా వినడంతో పాటు పలకడానికీ సాయం చేస్తుంది.

రౌటర్ కొనేటప్పుడు 850, 900 మెగాహెర్ట్జ్, అంటే బ్యాండ్ 5, బ్యాండ్ 8 ఉన్నాయో లేదో చూడండి. పల్లెల్లో దూరం పోయేవి అవే. విదేశం నుంచి బంధువులు తెచ్చిన రౌటర్లలో ఒక్కోసారి మన బ్యాండ్లు ఉండవు.

ఇక సోమవారం మీటింగ్. దాన్ని నంద్యాలలో కూర్చుని ముగించుకోండి, ఆ తర్వాతే ఆత్మకూరు మీదుగా నల్లమలలోకి పోండి. ఆత్మకూరు దాటాక దోర్నాల దాకా, దోర్నాల నుంచి మళ్లీ శ్రీశైలం దాకా పులుల అభయారణ్యం. చాలా దూరం సిగ్నల్ ఉండదు, ఏ యాంటెన్నా తేలేదు. మామూలు రోజుల్లో శ్రీశైలం దారి చెక్‌పోస్టుల దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లను వదలరు, అడవిలో దారి పక్కన ఆపుకుని పడుకుందామన్న ఆలోచన పెట్టుకోవద్దు. సున్నిపెంట చేరితే నెట్ దొరుకుతుంది. శ్రీశైలంలోనూ ఉంటుంది. కార్తీక సోమవారం మాత్రం వద్దు, ఆ రోజు గండికోట శనివారాన్ని మించిన రద్దీ.

మా ఆవిడ అయితే సిగ్నల్ రాని చోట చూసి బండి ఆపమంటుంది. నేను ఫోన్ పట్టుకుని మిట్టలెక్కడం ఆమెకు నచ్చదు.

ప్రశ్న: మాది కడప. మా అమ్మానాన్నలు ఇద్దరూ టీచర్లుగా చేసి రిటైరయ్యారు. కారవాన్ అద్దెకు తీసుకుని నల్లమల వైపు పోతామంటున్నారు. ఫోన్ కలవకపోతే ఎట్లా అని టెన్షన్‌గా ఉంది. దుబాయ్‌లో ఉన్న మా తమ్ముడు శాటిలైట్ ఫోన్ తెస్తానంటున్నాడు. తెమ్మనమంటారా?

జవాబు: తేవద్దని ఈరోజే చెప్పండమ్మా. మన దేశంలో ప్రభుత్వ అనుమతి లేకుండా తురాయా, ఇరీడియం లాంటి ఫోన్లు దగ్గర పెట్టుకోవడం నేరం. విమానాశ్రయాల్లో ఇవి దొరికి కేసుల పాలైన ప్రయాణికులు ఉన్నారు. ఉపగ్రహాల నుంచి నెట్ ఇచ్చే స్టార్‌లింక్ గురించి కూడా కొందరు రాశారు. అమెరికాలో కారవాన్ల మీద ఆ పళ్లెం పెట్టుకుని తిరుగుతారు, నిజమే. ఇక్కడ ఆ కంపెనీకి 2025 జూన్‌లో లైసెన్సు వచ్చింది. అంతమాత్రాన బయటి దేశంలో కొన్న పళ్లెం తెచ్చి మన బండి మీద పెట్టుకోవచ్చని కాదు.

మీరు చేయగలిగినవి వేరే ఉన్నాయి. అడవిలోకి దిగే ముందు ఒక మెసేజ్, అవతల తేలాక ఒక మెసేజ్ పంపమనండి. వాట్సాప్ కాదు, మామూలు ఎస్ఎంఎస్. నెట్ ఆడని బలహీనమైన సిగ్నల్‌లో కూడా ఎస్ఎంఎస్ పోతుంది. అత్యవసరమైతే 112 కొట్టమనండి. తమ సిమ్‌కు సిగ్నల్ లేకపోయినా వేరే ఏ కంపెనీ టవర్ అందుతున్నా ఆ కాల్ పోతుంది. ఇంకొకటి, ప్రభుత్వ నిధులతో మారుమూల పెట్టిన కొన్ని 4జీ టవర్లలో బీఎస్ఎన్ఎల్, జియో, ఎయిర్‌టెల్ మూడింటి సిమ్‌లూ పనిచేసే ఏర్పాటు 2025 జనవరి నుంచి ఉంది. కాబట్టి ఫోన్‌లో నెట్‌వర్క్ ఎంపికను 'ఆటోమేటిక్'లో ఉంచమనండి. ఎప్పుడో చేత్తో ఒక కంపెనీని ఎంచి మరిచిపోయిన పెద్దవాళ్ల ఫోన్లు నేను చాలా చూశాను.

మధ్యలో రెండు మూడు గంటలు జవాబు రాకపోతే కంగారు పడకండి. ఏ ఊరికి ఏ వేళకు చేరతారో ఒక కాగితం మీద రాయించుకోండి. ఆ వేళ దాటి చాలాసేపైతే అప్పుడు ఆలోచించండి.

ప్రశ్న: సీమలో తిరగడానికి ఏ కంపెనీ సిమ్ మంచిది? ఒక్క మాటలో చెప్పండి. (కర్నూలు నుంచి)

జవాబు: రెండు. ఒక్క మాటలోనే చెప్పాను కదా! రెండు వేర్వేరు కంపెనీలవి ఉండాలి, వీలైతే అందులో ఒకటి బీఎస్ఎన్ఎల్. ఏ కంపెనీకి ఎక్కడ సిగ్నల్ ఉందో చూపే పటాలు ట్రాయ్ నిబంధన వల్ల 2025 ఏప్రిల్ నుంచి ఆయా కంపెనీల సైట్లలోనే ఉన్నాయి. బయలుదేరే ముందు చూసుకోండి. పటం కంటే గట్టి సాక్ష్యం కావాలంటే ఆ ఊరి టీ కొట్టు దగ్గర కుర్రాళ్లను అడగండి. ఏ సిమ్ ఆడుతుందో, ఏ చెట్టు కింద ఆడుతుందో కూడా చెప్తారు. రోజుకు రెండు జీబీల ప్లాన్ ఉన్నవాళ్లకు ఒక మాట: రెండు గంటల వీడియో మీటింగ్‌తో అది అయిపోతుంది. అదనపు డేటా ఊర్లో ఉండగానే వేసుకోండి, నెట్ లేని చోట రీచార్జి కుదరదు. ఫోటోల బ్యాకప్, యాప్‌ల అప్‌డేట్ ఆపేయండి. దారి పటాలు ఇంటి వైఫైలోనే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

ప్రశ్న: రౌటర్ రాత్రంతా వేసి ఉంచితే బండి బ్యాటరీ దిగిపోతుందా? పొద్దున బండి స్టార్ట్ కాదేమోనని భయం. (తాడిపత్రి నుంచి)

జవాబు: ఇంజన్ బ్యాటరీకి ఏదీ తగిలించవద్దు. రౌటర్‌కు వేరే బ్యాటరీ పెట్టించుకోండి. 12 వోల్టుల, 100 యాంపియర్ అవర్ బ్యాటరీలో 1200 వాట్ అవర్లు ఉంటాయి. లెడ్ యాసిడ్ రకమైతే సగం వరకే వాడాలి, అంటే 600. రౌటర్ పది వాట్లు లాగుతుందనుకుంటే రెండు రోజులు దాటి వస్తుంది. అసలు తినేది లాప్‌టాప్, యాభై వాట్ల పైమాటే. ఇన్వర్టర్ పెట్టి 230 వోల్టులు చేసి, మళ్లీ చార్జర్‌తో తగ్గించడం దండగ. రౌటర్లు చాలావరకు 12 వోల్టులవే, నేరుగా ఇవ్వొచ్చు. కానీ ఇంజన్ నడుస్తున్నప్పుడు తీగల్లో 14 వోల్టుల పైన ఉంటుంది కాబట్టి మధ్యలో 12 వోల్టులకు నిలబెట్టే చిన్న కన్వర్టర్ పెట్టించండి. కారు ఎలక్ట్రీషియన్ ఎవరైనా బిగిస్తారు. ఫ్యూజు మరవొద్దని చెప్పండి.

ప్రశ్న: నెట్ లేని చోట ఫోన్‌పే, గూగుల్‌పే ఎట్లా? (ఆదోని నుంచి)

జవాబు: బ్యాంకుకు ఇచ్చిన నంబరు నుంచి *99# కొడితే నెట్ లేకుండా డబ్బు పంపొచ్చు. సిగ్నల్ మాత్రం ఉండాలి. అన్ని సిమ్‌లలో ఇది సరిగా ఆడదు, ఇంట్లో ఉండగానే ఒక రూపాయి పంపి చూసుకోండి. అడవి దారుల్లో డీజిల్‌కు, భోజనానికి నోట్లే పెట్టుకోండి. వంద నోట్లు ఎక్కువగా ఉంచుకోండి, చిన్న కొట్లలో ఐదు వందలకు చిల్లర దొరకదు.