బరంపురం వైపు ఆడవాళ్లకు ఓటు హక్కు 1950లోనే వచ్చిందా?

కాదు, బరంపురం వైపు కొందరు స్త్రీలకు ఓటు 1921లోనే దక్కింది; అందరికీ వచ్చింది మాత్రం 1950 రాజ్యాంగంతోనే.

ఇప్పుడు ఒడిశాలో ఉన్న బరంపురం, దాని గంజాం జిల్లా అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. 1917 డిసెంబరులో సరోజినీ నాయుడు నాయకత్వంలో మహిళల బృందం మద్రాసులో భారత వ్యవహారాల మంత్రి మాంటేగును కలిసి ఓటు అడిగింది. బ్రిటిష్ వాళ్లు తెచ్చిన 1919 భారత ప్రభుత్వ చట్టం ఆ సంగతి తేల్చకుండా రాష్ట్రాల శాసన మండళ్ల మీదకు నెట్టేసింది. మద్రాసు మండలి 1921లో సరేనంది. కటక్ ఉన్న బిహార్-ఒరిస్సా 1929 దాకా నాన్చింది.

అయితే పన్ను కట్టేంత ఆస్తి ఉండాలి. మగవాళ్లకూ అదే షరతు, కానీ ఆస్తి కాగితాలు ఎవరి పేర ఉండేవో తెలిసిందే కదా! ఉదాహరణకు, బరంపురంలో తన పేర ఇల్లుండి మునిసిపాలిటీకి తగినంత పన్ను కట్టే వితంతువుకు ఓటు ఉండేది. అదే వీధిలో మేడంతా భర్త పేర ఉన్న ఇల్లాలికి ఉండేది కాదు.

తెల్లదొరలే పిలిచి ఇచ్చారని చాలామంది అనుకుంటారు. నిజానికి ఓటు ఎవరికివ్వాలో చెప్పమని వాళ్లు వేసిన సౌత్‌బరో కమిటీ స్త్రీలకు ఓటు వద్దనే చెప్పింది. మద్రాసు తీర్మానం నెగ్గింది భారతీయులే ఎక్కువగా ఉన్న మండలిలో.